గృహ రుణంలో మధ్యవర్తి కమీషన్ ఏ కాగితంలో కనిపించాలి?

అనంత గృహస్థు (అనంతపురం)

సభ్యులందరికీ నమస్కారం. రామ్‌నగర్ వైపు ఒక ఫ్లాటు కొనడానికి 25 లక్షల రూపాయల గృహ రుణం కోసం ప్రయత్నిస్తున్నాను. బిల్డరు ఆఫీసులోనే ఒక కుర్చీ వేసుకుని కూర్చునే లోన్ కన్సల్టెంటు ఒకాయన ఫైలు మొత్తం తానే నడిపిస్తానని, అందుకు రుణంలో ఒక శాతం, అంటే 25,000 రూపాయలు, శాంక్షన్ లెటర్ వచ్చిన రోజున నగదుగా ఇవ్వాలని అన్నారు. రసీదు ఇస్తారా అని అడిగితే "మన మధ్య కాగితాలెందుకు సార్" అని నవ్వేశారు. బ్యాంకు నుంచి వచ్చిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ప్రాసెసింగ్ ఫీజు, వాల్యుయేషన్ ఫీజు, బీమా ప్రీమియం ఉన్నాయి గానీ ఈ 25,000 రూపాయల ఊసే లేదు. మధ్యవర్తి తీసుకునే రుసుమును వినియోగదారుకు ముందుగా, రాతపూర్వకంగా తెలియజేయాలని ప్రభుత్వం గానీ రిజర్వు బ్యాంకు గానీ ఎక్కడైనా నియమం పెట్టిందా? తెలిసినవారు వివరించగలరు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

గృహస్థు గారూ, నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకు రుణ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. బ్యాంకు మీ దగ్గర వసూలు చేసే ప్రతి రూపాయికీ ఈ రోజు గట్టి నియమమే ఉంది. బ్యాంకు చేతుల మీదుగా పోని రూపాయి దగ్గరకు వచ్చేసరికి ఆ నియమం పలచబడిపోతుంది. మీ 25,000 ఆ రెండో కోవలోది.

రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ రుణాలన్నింటికీ, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లన్నింటికీ కేఎఫ్ఎస్, అంటే మీరన్న కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, ఇవ్వడం తప్పనిసరి. బ్యాంకులకే కాదు, బ్యాంకేతర ఆర్థిక సంస్థలైన ఎన్‌బీఎఫ్‌సీలకూ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. అందులో వడ్డీ రేటు ఒక్కటే వేసి ఊరుకోవడానికి వీల్లేదు. రుసుములన్నీ కలుపుకుని అయ్యే అసలు ఖర్చును వార్షిక శాతం రేటుగా, అంటే ఏపీఆర్‌గా, లెక్కకట్టి చూపాలి. అందులో లేని రుసుమును రుణ కాలంలో ఏ దశలోనూ రుణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయకూడదు.

ఇప్పుడు మీ దగ్గరున్న పత్రాన్ని బయటకు తీసి రుసుముల పట్టిక చూడండి. అక్కడ రెండు నిలువు వరుసలు ఉంటాయి. ఒకటి రుణం ఇచ్చే సంస్థకు చెల్లించేవి. రెండోది ఆ సంస్థ ద్వారా మూడో పక్షానికి చెల్లించేవి. లీగల్ ఒపీనియన్ రాసే న్యాయవాది ఫీజు, బీమా ప్రీమియం లాంటివి బ్యాంకు వసూలు చేసి వాళ్లకు చేరవేస్తే అవి ఈ రెండో వరుసలోకి వస్తాయి, ఏపీఆర్‌లో కూడా కలుస్తాయి, వాటికి రసీదులు కూడా ఇవ్వాలి. మీలాంటివారి కొంప ముంచేది ఆ "ద్వారా" అన్న షరతే. మీరు బిల్డరు ఆఫీసులో కన్సల్టెంటు చేతిలో పెట్టే నగదు బ్యాంకు ద్వారా పోదు కాబట్టి ఆ పట్టికలో దానికి గడే లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కన్సల్టెంటు బ్యాంకు నియమించుకున్న డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంటు, అంటే డీఎస్ఏ అయితే, రుణం విడుదలయ్యాక బ్యాంకు కూడా ఆయనకు కమీషన్ ఇస్తుంది. ఆ మొత్తాన్ని మీకు చూపించడానికి కూడా కేఎఫ్ఎస్ నమూనాలో చోటు లేదు.

చిత్రావతి (ధర్మవరం)

హంద్రీ గారు చెప్పినదానికి అంకెలు జోడిస్తాను. 25 లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా సుమారు 22,493 రూపాయలు. కన్సల్టెంటుకు ఇచ్చే 25,000ను ముందే పోయిన ఖర్చుగా లెక్కిస్తే చేతికి అందింది 24.75 లక్షలే, కానీ వాయిదా మాత్రం పూర్తి 25 లక్షల మీద కడతాం. అప్పుడు అసలు రేటు 9 కాదు, సుమారు 9.14 శాతం అవుతుంది. చూడ్డానికి చిన్నదే. అయితే మన వైపు చాలామంది పొలమో స్థలమో అమ్మి అయిదారేళ్లలోనే అప్పు తీర్చేస్తుంటారు. అయిదేళ్లకే రుణం మూసేస్తే అదే 25,000 రూపాయల భారం రేటులో పావు శాతం దాటుతుంది. పావు శాతం తక్కువకు ఇంకో బ్యాంకు దొరికిందంటే మనం ఊరంతా తిరిగి ఆ బ్యాంకుకే వెళ్తాం. ఈ పావు శాతం మాత్రం మనకు కనబడకుండానే పోతుంది. పత్రంలో ముద్రించిన ఏపీఆర్‌ను బట్టి రెండు బ్యాంకులను పోల్చేవారు ఈ లెక్కను విడిగా వేసుకోక తప్పదు.

ఏడురోడ్ల కూడలి (కడప)

నేను కూడా అదే వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి రెండో వైపు కూడా వినండి. బ్యాంకు ఇచ్చే కమీషన్ రుణం విడుదలైన తరువాతే, అది కూడా ఆలస్యంగా వస్తుంది. తిరస్కరించిన ఫైలుకు ఒక్క రూపాయి కూడా రాదు. మార్కెట్ యార్డులో కూరగాయల వ్యాపారం చేసే మనిషికి జీతం స్లిప్పు ఉండదు, ఐటీ రిటర్నులు ఒకటో రెండో ఉంటాయి. ఆయనకు బ్యాంకు స్టేట్‌మెంట్లు సరిచూసి, లింకు డాక్యుమెంట్లలో లేని ఒక దస్తావేజు కోసం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీయించి, ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, పేరు తప్పు పడితే దిద్దించి, లాయరు అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు తెచ్చిపెట్టేది మేమే. అందుకు ఖాతాదారు నుంచి రుసుము తీసుకోవడం పాపం కాదని నా అభిప్రాయం. అయితే ముందే చెప్పి, కాగితం మీద రాసి, బ్యాంకు ఖాతాలోకి తీసుకోవాలి. నగదు అడిగి రసీదు ఇవ్వనివారిని నేను సమర్థించను. వాళ్ల వల్లే మా అందరికీ చెడ్డపేరు వస్తోంది.

నల్లరేగడి (నంద్యాల)

కూడలి అన్నా, మీ కష్టాన్ని ఎవరూ కాదనరు. నా సందేహం వేరే. బ్యాంకు దగ్గరా కమీషన్, ఖాతాదారు దగ్గరా ఫీజు తీసుకునేటప్పుడు ఆ మనిషి ఎవరి తరఫున పనిచేస్తున్నట్టు? ఒక సంస్థ ముప్పావు శాతం కమీషన్ ఇచ్చి, ఇంకో సంస్థ పావు శాతమే ఇస్తే, ఖాతాదారుకు చవకైన రుణం ఏదో చెప్పే నోరు ఎటు తిరుగుతుందో మనకు తెలియనిది కాదు. రుసుము ఎంతో తెలపడం ఒక్కటే సరిపోతుందా, లేక రెండు వైపులా తీసుకోవడాన్నే ఆపాలా?

పెన్నేరు (ప్రొద్దుటూరు, ప్రస్తుతం టెక్సస్)

నల్లరేగడి గారు అడిగిన ప్రశ్న మీద అమెరికాలో కొన్ని దశాబ్దాలు కొట్టుకున్నారు. ఇక్కడ గృహ రుణాల ఫైళ్లు ప్రాసెస్ చేసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి కొంచెం విపులంగానే రాస్తాను.

1974లో వచ్చిన రెస్పా అనే చట్టం ఇల్లు కొనేవారికి ఖర్చుల అంచనా పత్రం ఇవ్వాలని చెప్పింది. రుణగ్రహీతను పంపినందుకు ఒకరికొకరు లోపాయకారీగా కమీషన్లు ముట్టజెప్పుకోవడాన్ని నిషేధించింది. అయినా ఒక దారి మిగిలిపోయింది. ఖాతాదారుకు 6 శాతానికి రుణం వచ్చే అర్హత ఉన్నా మధ్యవర్తి ఆయనను 6.5 శాతం రుణంలోకి దింపితే, ఆ తేడా వల్ల వచ్చే లాభంలోంచి రుణ సంస్థ మధ్యవర్తికి అదనంగా చెల్లించేది. దీన్ని యీల్డ్ స్ప్రెడ్ ప్రీమియం అనేవారు. "మీ దగ్గర నేనేమీ తీసుకోవడం లేదు" అని మధ్యవర్తి నిజాయితీగానే చెప్పగలిగేవాడు, ఎందుకంటే ఖాతాదారు దాన్ని ముప్పయ్యేళ్ల వడ్డీలో కట్టేవాడు. పాత పత్రాల్లో ఇది సామాన్యుడికి అంతుబట్టని చోట ఎక్కడో ఒక ముక్కగా ఉండేది.

సరే, దాన్ని స్పష్టంగా చూపిస్తే సరిపోతుంది కదా అని గృహనిర్మాణ శాఖ 2002లో ప్రతిపాదించింది. అప్పుడు అక్కడి వాణిజ్య పర్యవేక్షక సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక ప్రయోగం చేసి 2004లో ఫలితాలు ప్రచురించింది. అయిదు వందలకు పైగా రుణగ్రహీతలకు రెండు రుణాల పత్రాలు ఇచ్చి ఏది చవక అని అడిగారు. మధ్యవర్తి కమీషన్ ముద్రించిన పత్రాలు చూసినవారిలో చాలామంది, మొత్తం మీద చవకగా పడే రుణాన్ని కూడా, కమీషన్ అంకె కనబడగానే ఖరీదైనదని పొరబడి వదిలేశారు. బ్యాంకు నేరుగా ఇచ్చే రుణంలో అలాంటి అంకె ఏదీ ఉండదు కాబట్టి అది మేలని అనుకున్నారు. వెల్లడి నియమం ఒక్క పక్షానికే పెడితే ఖాతాదారు దారి తప్పుతాడని తేలింది.

చివరికి వాళ్లు రెండు పనులు చేశారు. 2010 జనవరి నుంచి అంచనా పత్రాన్నే మార్చి, ఆ ప్రీమియాన్ని ఖాతాదారుకు దక్కే జమగా చూపించాలన్నారు. అది చాలదని ఫెడరల్ రిజర్వు 2010లోనే ఇంకో నిబంధన తెచ్చి 2011 ఏప్రిల్ నుంచి అమలు చేసింది: మధ్యవర్తి ప్రతిఫలం రుణ మొత్తాన్ని బట్టి ఉండవచ్చు గానీ వడ్డీ రేటును, ఇతర షరతులను బట్టి మారకూడదు. ఖాతాదారు దగ్గర రుసుము తీసుకుంటే రుణ సంస్థ దగ్గర తీసుకోకూడదు. 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం కూడా దీన్నే చెప్పింది, 2014 జనవరి నుంచి వినియోగదారుల ఆర్థిక రక్షణ బ్యూరో నిబంధనలుగా అమలవుతోంది. అంటే నల్లరేగడి గారి రెండో మార్గమే. ముందు చూపించారు, చూపించడం చాలదని తెలిశాక రెండు చేతులా తీసుకోవడాన్నే ఆపేశారు.

ఇక రోజువారీ పని ఎలా ఉంటుందంటే, దరఖాస్తు అందిన 3 పనిదినాల్లో లోన్ ఎస్టిమేట్ (ఖర్చుల అంచనా పత్రం) వెళ్లాలి, సంతకాలకు 3 పనిదినాల ముందే తుది ఖర్చుల పత్రమైన క్లోజింగ్ డిస్‌క్లోజర్ ఖాతాదారు చేతికి చేరాలి. ఈ రెండు పత్రాలూ 2015 అక్టోబరు 3 నుంచి వచ్చాయి. ఖాతాదారు నేరుగా కట్టే మధ్యవర్తి ఫీజు మొదటి పత్రంలోనే కనిపిస్తుంది, సరైన కారణం లేకుండా ఆ తరువాత దాన్ని ఒక్క డాలరు కూడా పెంచడానికి వీల్లేదు. పెరిగితే ఆ తేడా మా సంస్థే భరించాలి. అలా భరించవలసి వచ్చిన నెలలో మా మేనేజరు ముఖం చూడాలి మరి! రుణ సంస్థే మధ్యవర్తికి చెల్లిస్తే ఆ మొత్తం రెండో పత్రంలో "ఇతరులు చెల్లించినవి" అనే వరుసలో వస్తుంది. పత్రం మీద మధ్యవర్తి లైసెన్సు సంఖ్య కూడా ఉంటుంది, దాన్ని ఎవరైనా ఇంటర్నెట్‌లో సరిచూసుకోవచ్చు.

చిత్రావతి

పెన్నేరు గారూ, బాగా వివరించారు. ఆస్ట్రేలియాది ఇంకో తీరు. అక్కడ ఆర్థిక సంస్థల మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, 2019లో ఇచ్చిన నివేదికలో మధ్యవర్తికి బ్యాంకు కాకుండా రుణగ్రహీతే చెల్లించాలని సిఫార్సు చేస్తే, ప్రభుత్వం అంత దూరం వెళ్లలేదు. దానికి బదులు, మధ్యవర్తి ఖాతాదారు మేలుకే కట్టుబడి ఉండాలనే చట్టబద్ధమైన బాధ్యతను 2021 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చింది.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే మ్యూచువల్ ఫండ్ల సంగతి చూడండి. షేర్లు, ఫండ్ల నియంత్రణ సంస్థ సెబీ 2009 ఆగస్టు 1 నుంచి ఎంట్రీ లోడ్, అంటే డబ్బు పెట్టేటప్పుడే కోసుకునే రుసుము, తీసేసింది. డిస్ట్రిబ్యూటరుకు ముట్టిన కమీషన్ ఎంతో ఆరు నెలలకోసారి వచ్చే స్టేట్‌మెంటులో రూపాయల్లో వేయిస్తోంది. నెలకు 2,000 రూపాయల సిప్ కట్టే మనిషికి దొరికే సమాచారం 25 లక్షల అప్పు చేసే మనిషికి దొరక్కపోవడం నాకు ఏ మాత్రం సమంజసంగా తోచదు.

తుంగభద్ర (మంత్రాలయం)

ఒక చిన్న ప్రశ్న. ఫోన్‌లో యాప్ ద్వారా రుణం తీసుకుంటే కూడా ఇదే పరిస్థితా?

హంద్రీ ఒడ్డు

కాదండీ, విచిత్రంగా యాప్ దగ్గరే నియమం గట్టిగా ఉంది. 2022 సెప్టెంబరు 2 నాటి డిజిటల్ రుణాల మార్గదర్శకాల్లో పెట్టిన నియమం ప్రకారం, మధ్యలో ఉండే లెండింగ్ సర్వీస్ ప్రొవైడరుకు ఇవ్వవలసిన రుసుమును రుణ సంస్థే చెల్లించాలి. ఆ మధ్యవర్తి రుణగ్రహీత దగ్గర నేరుగా వసూలు చేయకూడదు. 2025 మే 8 నాటి ఆదేశాల్లో ఇంకో అడుగు వేశారు. అనేక సంస్థల రుణాలు చూపించే యాప్ అయితే, రుణగ్రహీతకు సరిపోయే ప్రతిపాదనలన్నింటినీ సంస్థ పేరు, ఏపీఆర్, నెల వాయిదా సహా పక్షపాతం లేకుండా చూపించాలి. ఈ భాగం 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే యాప్ మీద చూపించిన శ్రద్ధ బిల్డరు ఆఫీసులో కుర్చీ వేసుకున్న కన్సల్టెంటు మీద ఇంకా చూపించలేదన్నమాట. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటుకు రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరా కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, అదే ఇంటికి అప్పు ఇప్పించే ఏజెంటుకు రిజర్వు బ్యాంకు లైసెన్సు అంటూ ఏదీ లేదు.

అనంత గృహస్థు

ఈ చర్చ చదివాక నేరుగా బ్రాంచికి వెళ్లి రుణ విభాగం అధికారిని కలిశాను. ఆ కన్సల్టెంటు తమ డీఎస్ఏల జాబితాలో ఉన్నారని, ఖాతాదారుల నుంచి ఆయన డబ్బు అడగడానికి వీల్లేదని నోటిమాటగా చెప్పారు గానీ రాసి ఇవ్వమంటే ముఖం చాటేశారు. కన్సల్టెంటుకు ఫోన్ చేస్తే 25,000 కాస్తా 10,000కు దిగింది. దాన్ని ఇప్పుడు "డాక్యుమెంటేషన్ ఖర్చులు" అంటున్నారు. ఇవ్వకపోతే ఫైలు ఆలస్యమవుతుందన్న సూచన కూడా మాటల్లో ఉంది. ఇప్పుడు నేను ఎవరిని ఆశ్రయించాలి?

హంద్రీ ఒడ్డు

డీఎస్ఏ అని తేలడం మీకు బలం. బ్యాంకులు పనులు బయటివారికి అప్పగించడం మీద రిజర్వు బ్యాంకు 2006 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే, అలాంటి ఏజెంట్ల చర్యలకు బాధ్యత బ్యాంకుదేనని ఉంది. బ్యాంకుల సంఘం రూపొందించిన డీఎస్ఏల నియమావళిలో ఖాతాదారు నుంచి బహుమతులు, లంచాలు తీసుకోరాదని కూడా ఉంది. కాబట్టి నోటిమాటతో ఆగవద్దు. "ఫలానా రుణ దరఖాస్తు విషయంలో మీ ఏజెంటు ఇంత మొత్తం అడిగారు; ఇది కేఎఫ్ఎస్‌లో ఎందుకు లేదో, దీన్ని నేను చెల్లించాలో లేదో రాతపూర్వకంగా తెలపండి" అని బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ పెట్టండి. మీ కేఎఫ్ఎస్ రెండో భాగంలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉంటాయి. ఆ ఈమెయిల్‌కు కూడా ప్రతి పంపండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు. అయితే అంబుడ్స్‌మన్ విచారించేది బ్యాంకును మాత్రమే. కన్సల్టెంటును విడిగా పట్టుకోవాలంటే వినియోగదారుల కమిషనే దారి. సేవకు డబ్బు తీసుకుని రసీదు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా ఉండదు. కానీ నగదు ఇచ్చేసి రుజువు లేకుండా వెళ్తే అక్కడ మీరు చెప్పేదానికి ఆధారం ఉండదు.

ఏడురోడ్ల కూడలి

గృహస్థు గారూ, డాక్యుమెంటేషన్ ఖర్చులంటే ఏమిటో విడగొట్టి రాసిమ్మని అడగండి. ఈసీకి, నకళ్లకు ప్రభుత్వానికి కట్టిన రుసుముకు చలానా ఉంటుంది. టైటిల్ డీడ్ల డిపాజిట్‌కు కట్టే స్టాంపు డ్యూటీకీ రసీదు ఉంటుంది. ఇవి పోగా మిగిలింది ఆయన సేవా రుసుము. బ్యాంకు నుంచి కమీషన్ తీసుకుంటున్న ఫైలు మీద ఆ మిగిలినదాన్ని అడిగే హక్కు ఆయనకు లేదని, అదే వృత్తిలో ఉండి కూడా, నేను అంటాను. ఫైలు ఆలస్యమవుతుందన్న మాటకు భయపడకండి. లాగిన్ అయిన, అంటే బ్యాంకులో నమోదైన, ఫైలు బ్యాంకు చేతిలో ఉంటుంది, ఏజెంటు చేతిలో కాదు.

నల్లరేగడి

ఆ మాట మీ నోట రావడం సంతోషం అన్నా.

హగరి (ఆలూరు)

ఆలస్యంగా చర్చలోకి వచ్చాను. మా అమ్మగారి పేరు మీద ఇంటి మరమ్మతు రుణానికి అర్జీ పెట్టాం. ఆమెకు ఇంగ్లిషు చదవడం రాదు. పత్రం మొత్తం ఇంగ్లిషులోనే వచ్చింది. తెలుగులో అడిగే వీలుందా?

హంద్రీ ఒడ్డు

తప్పకుండా అడగవచ్చు. కేఎఫ్ఎస్ రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని, అందులోని విషయాలను వివరించి, అర్థమైందని ఆమె దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలని సర్క్యులరే చెబుతోంది. 7 రోజులు, అంతకు మించిన గడువుగల రుణానికి ఆ ప్రతిపాదన కనీసం 3 పనిదినాలు చెల్లుబాటులో ఉండాలి. కాబట్టి పత్రం చేతికి ఇచ్చిన గంటలోనే సంతకం పెట్టమని తొందరపెడితే లొంగనక్కర్లేదు. తెలుగు ప్రతి కావాలని ఒక తెల్లకాగితం మీద రాసి, బ్రాంచిలో ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. ఆ ప్రతి వచ్చాక రుసుముల పట్టికలోని రెండు వరుసలూ అమ్మగారికి చదివి వినిపించి, వాటి బయట ఎవరైనా డబ్బు అడిగారా అని ఆమెనే అడగండి. ఆ తరువాతే సంతకం.